పాత కారునకు క్రొత్త చూపు



మోటారు కారు దీపములను గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయనేల యని మీలో కొందఱు చిఱునవ్వు నవ్వవచ్చును. కారు పురుషుల సొత్తనియు, దాని మరమ్మతు మెకానిక్కుల పనియనియు మనము చిరకాలముగా ననుకొనుచున్నాము. కాని దీపము మాత్రము ఏనాడును పురుషుల పాలిటిది కాదు. సంధ్యవేళ చిమ్నీ తుడిచి, కిరసనాయిలు చాలునో చాలదో చూచి, వత్తి కత్తిరించి, గాలి తగులని చోట లాంతరు నుంచిన చేతులు మన తల్లులవి, అమ్మమ్మలవి. లాంతరు మసకగా వెలిగిన దినమున వారు వెంటనే క్రొత్తది కొనుమని యనలేదు. మొదట చిమ్నీకి మసి పట్టినదేమో చూచిరి, తరువాత నూనె చూచిరి, తరువాత వత్తి, పిమ్మట దీపము పెట్టిన చోటు. ఈ నాలుగు పరీక్షలు నెఱిగిన యిల్లాలికి కారు దీపము తెలియరాని బ్రహ్మవిద్య కాదు. ఈ మాసమున మేము చెప్పదలచినది ఇదియే.

మా యింట నొక పాత అంబాసిడరు కలదు. మా మామగారు కొనినది. మావారు బడిపంతులు, నెల జీతముతో ఇల్లు నడుపువారికి కారు మార్చుట చీర మార్చినంత సులభము కాదు గదా! ఆ జాతి కారులు కలకత్తా చేరువనున్న ఉత్తరపారా కర్మాగారమున 1950వ దశకపు చివరి యేండ్లనుండి 2014వ సంవత్సరము వఱకు తయారైనవి. అచట పని నిలిచినను, ముందువైపున రెండు గుండ్రని గాజు దీపములతో ఆ బండ్లు కొన్ని యింకను మన వీథులలో తిరుగుచునే యున్నవి. మా బండి యింజను గట్టిదే; దీపములు మాత్రము మందగించినవి. రాత్రివేళ వెలుగు పసుపునీళ్లు చల్లినట్లు బాటపై పడి, పది బారల దూరమునకే సన్నగిలుచుండెను. దీనికి మందేమన్న ప్రశ్న మా యింట పుట్టి నెల దినములు నలిగినది.

మా మఱిది కళాశాలలో చదువుకొనుచున్నవాడు. “వదినా, తెల్లని ఎల్.ఇ.డి. బల్బులు రెండు కొని పాతవాని చోట బిగించినచో రాత్రి పగలగును” అని యతని వాదము. సామానుల యంగడివాడొకడు మామూలు బల్బునకు మాఱుగా నూఱు వాట్ల బల్బు వేసికొమ్మని మావారికి బోధించెను. మా అత్తగారు మాత్రము మంచముమీదనుండి, “మీకు కనబడుటయే చూచుచున్నారు గాని, ఎదుట వచ్చువారి కన్నుల సంగతి యెవరైన తలచితిరా?” యని యడిగిరి. ఆ మాట యడుగుటకు ఆమెకు హక్కు కలదు. ఆ కారణము చెప్పుటకు ముందు మా పేట రూపమును కొంత వర్ణింపవలసియున్నది.

జూబిలీహిల్స్ పేరునకు తగినట్లు కొండలే. 1960వ దశకమున సహకార గృహనిర్మాణ సంఘమువారు ఇండ్లస్థలములు వేయునప్పటికి ఇది బండలును, తుప్పలును నిండిన మిట్ట. పిమ్మట చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి క్రమముగా ఇటకు తరలివచ్చినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయ్యెను. 1980వ దశకమున ఫిలింనగరున పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు వెలసెను. ఇండ్లు పెరిగినవి, బాటలు వెడల్పైనవి. కాని భూమి పల్లము మిట్టలు మాత్రము పూర్వమువలెనే యున్నవి. బండి యొక మిట్ట యెక్కి, దిగి, వంపు తిరిగి, మరల నెక్కవలెను. ఇక మనుష్యుల సంగతి. ఇచ్చట రాత్రి తొమ్మిదింటితో పని ముగియదు. చిత్రీకరణ ముగించుకొని యింటికి పోవు దీపములవారు, దుస్తులు చూచు స్త్రీలు, చిన్న వేషములు వేయువారు, పెద్దయిండ్లలో వంటయు, అంట్లును ముగించుకొని బస్తీకి పోవు పనివారు, వీరందఱు నడచిపోవు బాటలకు పెక్కుచోట్ల కాలిబాట లేదు. ఉన్నచోట దానిమీద కారులు నిలిచియుండును.

గడచిన కార్తికమాసమున ఒక సోమవారము సాయంకాలము, ఫిలింనగర దైవసన్నిధానమున దీపములు వెలిగించి, మేమును మా అత్తగారును నడచి యింటికి వచ్చుచుంటిమి. ఎదుటి మిట్టమీదికి ఎక్కివచ్చిన యొక పెద్దబండి, శిఖరమునకు చేరునప్పటికి ముక్కు పైకెత్తినదై, దాని తెల్లని దీపముల వెలుగు సూటిగా మా కన్నులలో గ్రుచ్చినది. మాకే కొన్ని క్షణములు లోకము కనబడలేదు. మా అత్తగారికి కంటిలో శుక్లము ముదురుచున్న దినములవి. ఆమె బాట యంచున నడుగు తప్పి, కాలువగట్టు రాతిపై పడిరి. చీలమండ యెముక చిట్లి ఆఱు వారములు మంచము దిగలేదు. బండి యెవరిదో తెలియదు. అది యాగలేదు, ఆగవలసియుండెనని దానిని నడుపువానికి తెలిసియే యుండదు. అతనికి బాట పగటివలె కనబడుచునే యుండెను.

వయసు మీఱిన కంటికి వెలుగు విషయమున రెండు కష్టములు కలవు. కంటిపాప కుంచించుకొనిపోవుటచేతను, లోపలి కటకము పసుపువన్నెకు తిరుగుటచేతను, ఇరువది యేండ్ల కంటి లోపలి తెఱకు చేరు వెలుగులో సుమారు మూడవవంతు మాత్రమే అఱువది యేండ్ల కంటి తెఱకు చేరును. ఇది మొదటిది. శుక్లము గల కటకము తనలోనికి వచ్చిన తీవ్రకాంతిని చెదరగొట్టి, పొగమంచు పఱచినట్లు చేయును. ఆ కాంతి దాటిపోయిన పిమ్మట చీకటికి మరల అలవాటుపడుటకు ముదుసలి కంటికి ఎక్కువ కాలము పట్టును. ఇది రెండవది. కావున మసక దీపము గల కారు నడుపుట పెద్దలకు ఎంత ప్రమాదమో, మితిమీఱిన దీపము గల కారునకు ఎదురుపడుట వారికి అంతే ప్రమాదము. కారు దీపమునకు ధర్మములు రెండు: తనవారికి బాట చూపుట, పరులకు చూపు చెఱుపకుండుట. ఒకదానిని విడిచి రెండవదానిని పట్టుకొన్నచో అది దీపము కాదు.

ఈ రెండింటిని పొందుపఱచుటకే శిల్పులు నూఱేండ్లుగా శ్రమించినారు. తొలినాటి మోటారులకు ఎసిటిలీన్ వాయువుతో వెలుగు దీపములుండెడివి. 1912లో అమెరికాలోని కాడిలాక్ సంస్థవారు విద్యుత్తుతోనే ఇంజనును కదలించుటయు, దీపములు వెలిగించుటయు గల యేర్పాటును కారుతో కూర్చి యమ్మిరి. 1924లో ఒకే బుడ్డిలో రెండు తీగలు గల బిలక్స్ బల్బు వచ్చెను. ఒక తీగ దూరపు వెలుగునకు, రెండవది ఎదుటివారు వచ్చునప్పుడు వంచుకొనెడి వెలుగునకు. మనము డిమ్ము, డిప్పు అని వాడుకగా ననునది ఇదియే. 1962లో ఐరోపా కారులకు హాలొజన్ బల్బును, 1971లో రెండు తీగల హాలొజన్ బల్బైన హెచ్4 ను వచ్చినవి. మా అంబాసిడరువంటి బండ్లలో తఱచుగా కనబడునది ఈ హెచ్4 జాతిదే. ప్రతి మెట్టునందును కాంతి పెరిగినది. దానితోపాటు కాంతిని అదుపులో నుంచు యుక్తియు పెరిగినది. ఈ రెండవ మాటను మన యంగళ్లలో చెప్పువారు అరుదు.

ఇక నాలుగు పరీక్షలకు వత్తము.

మొదటిది చిమ్నీ పరీక్ష. పాత బండ్లకు ముందుభాగము గాజు, అది పసుపెక్కదు. సబ్బునీటితో కడిగినచో చాలును. లోపలనున్న అద్దపు గిన్నెను చూడవలెను. బల్బు వెలుగును ముందుకు పంపునది ఆ గిన్నెయే. దానిపైనున్న మెఱుగుపూత తేమచేత పొరలుగా లేచినను, నల్లబడినను, ఏ బల్బు పెట్టినను ప్రయోజనము లేదు. గిన్నె లోపలిభాగమును గుడ్డతో తుడువరాదు. పూత మిక్కిలి పలుచనిది గనుక తుడుపుతోనే యూడివచ్చును. చెడినచో గిన్నెను గాజుతో సహా మార్చుటయే యుపాయము. ఏడంగుళముల గుండ్రని దీపము అంబాసిడరునకే కాక పద్మినీ కారునకును, జీపులకును వాడబడినది గనుక సికిందరాబాదు రాణీగంజ్ యంగళ్లలో దొరకుట కష్టము కాదు.

కొంత క్రొత్తవైన, అనగా ఇరువది యేండ్లలోపు కారులు గలవారి సంగతి వేఱు. వాని దీపపు ముఖము గాజు కాదు, పాలికార్బొనేటు అను ప్లాస్టిక్కు. మన యెండలోని అతినీలలోహిత కిరణములకు దాని పైపూత చెడి, కొన్ని యేండ్లకు శుక్లము పట్టిన కన్నువలె మసకబాఱును. పండ్లపొడి ముద్దతో రుద్దుమని కొందఱు చెప్పుదురు. మెఱయును గాని కొలది వారములే. నీటితో తడిపి సన్నని గరుకుకాగితముతో, పిమ్మట దానికంటె సన్నని దానితో క్రమముగా రుద్ది, నున్నచేసి, చివర ఎండకు తట్టుకొను రక్షణపూత పూయించవలెను. ఈ చివరి పూత వేయనివాడు సగము పనియే చేసినట్లు. మరుసటి వేసవికి మసక మరల వచ్చును.

రెండవది నూనె పరీక్ష. కారు దీపమునకు నూనె యనగా విద్యుత్తు. ఇదియే పాత కారులలో ప్రధానమైన రహస్యము. 60 వాట్ల బల్బు 12 వోల్టుల వద్ద సుమారు 5 ఆంపియర్ల విద్యుత్తును గైకొనును. రెండు దీపములకు 10 ఆంపియర్లు. పాత బండ్లలో ఈ ప్రవాహమంతయు బ్యాటరీనుండి బయలుదేరి, నడుపువాని ముందున్న స్విచ్చి గుండ, డిప్పు స్విచ్చి గుండ చుట్టుతిరిగి దీపమునకు చేరును. నలుబదియేండ్ల తీగ, అఱిగిన స్విచ్చి, త్రుప్పుపట్టిన ముడి, ఒక్కొక్కటియు త్రోవలో సుంకము వసూలు చేసినట్లు కొంత వోల్టేజిని మ్రింగును. దీని ఫలితము మీరు తలచినంత స్వల్పము కాదు. తీగబల్బునకు అందు వోల్టేజి నూటికి పదివంతులు తగ్గినచో, వెలుగు పదివంతులు కాదు, సుమారు ముప్పదివంతులు తగ్గిపోవును. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ వద్దను, దీపము వద్దను మీటరుతో కొలిపింపుడు. రెండింటికిని అర వోల్టుకంటె మించిన భేదమున్నచో దొంగ త్రోవలోనే కలడు.

దీనికి మందు రిలే యను చిన్న పెట్టె. అత్తగారు కనుసైగ చేయగా కోడలు కడవ మోసినట్లు, స్విచ్చి ద్వారా వచ్చు స్వల్ప ప్రవాహము రిలేకు సైగ మాత్రము చేయును. బ్యాటరీనుండి దగ్గఱి దారిని, లావుపాటి తీగద్వారా బరువైన ప్రవాహమును దీపమునకు చేర్చు పని రిలేది. స్విచ్చికిని విశ్రాంతి, దీపమునకును పుష్టి. తీగ బ్యాటరీని విడుచు చోటనే ఫ్యూజు తప్పక యుండవలెను. లేనిచో తీగ ఇనుమునకు రాచుకొన్న నాడు నిప్పు పుట్టును. దీపము వెనుక శరీరమునకు బిగించు భూతీగ కొసను గీకి, త్రుప్పు వదలించి, గట్టిగ బిగింపవలెను. ఇంతకును అగు వ్యయము ఒక మంచి పట్టుచీర వెలలో స్వల్పభాగము.

మూడవది వత్తి పరీక్ష. నూఱు వాట్ల బల్బు వేయుమన్న యంగడివాని మాట యిచ్చట విచారింపవలెను. పాత తీగలు 5 ఆంపియర్లకే చెమటలు పట్టియున్నవి. వానిపై 8 ఆంపియర్లకు మించిన భారము మోపినచో తీగ కాగును, స్విచ్చి కరగును, గిన్నె మెఱుగుపూత మాడును. చిన్న గిన్నెలో పెద్ద మంట పెట్టి, గిన్నె మాడినదని యేడ్చినట్లగును. హెచ్4 బల్బునకు విహితమైన కొలత 60/55 వాట్లు, అంతియే చాలును. నీలిరంగు పూసిన బల్బులు తెల్లగా కనబడును గాని, ఆ పూత కొంత వెలుగును తానే మ్రింగును. బల్బు మార్చునపుడు దాని గాజును చేతితో తాకరాదు. చేతి జిడ్డు అంటినచోట గాజు అధికముగా కాగి బల్బు త్వరగా చెడును. శుభ్రమైన గుడ్డతో పట్టుకొనుడు.

ఇక మా మఱిది మెచ్చిన ఎల్.ఇ.డి. మాట. ఆ దీపము చెడ్డదని మేము చెప్పము. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ వెలుగునిచ్చు మంచి దీపమది; మొదటినుండియు దానికై నిర్మించిన కారులలో చక్కగా పనిచేయుచున్నది. చిక్కు ఎక్కడనగా, పాత గిన్నె తీగబల్బును తలచి చేయబడినది. హెచ్4 బల్బును వెలుగునకు పట్టి చూడుడు. డిప్పు తీగ క్రింద ఒక చిన్న లోహపు దొప్ప కనబడును. ఆ దొప్ప, తీగ వెలుగును గిన్నె క్రిందిసగమునకు పోనీయక, పైసగముపైననే పడనిచ్చును. పైసగమున పడిన వెలుగు వంగి బాటపైకి దిగును. తీగ యెచ్చట నున్నదన్న దానిపై, మిల్లీమీటరు లెక్కన, ఈ యేర్పాటంతయు నిలిచియున్నది. ఎల్.ఇ.డి. బల్బులో వెలుగు పుట్టు బిళ్లల ఆకారము వేఱు, పరిమాణము వేఱు, తఱచుగా స్థానమును వేఱు. అందుచేత వెలుగు అదుపు తప్పి, కొంత ఆకాశమునకును, కొంత ఎదుటివారి కన్నులకును పోవును. బండి దగ్గఱి నేల మిక్కిలి తెల్లగా మెఱయుటచే నడుపువాడు దీపము బాగున్నదని భ్రమపడును; దూరపు బాట మాత్రము పూర్వముకంటె చీకటిగానే యుండవచ్చును.

బల్బు కాక దీపమంతయు, అనగా గిన్నెతో సహా, ఎల్.ఇ.డి. దీపముగా మార్చుకొనువారు కలరు. అట్టివారు రెండు ప్రశ్నలు అడిగి కొనవలెను. మన దేశపు ప్రమాణముల ప్రకారము ఆమోదము పొందినదా? బండ్లు ఎడమప్రక్కన నడచు దేశమునకై చేసినదా? రెండవ ప్రశ్న వింతగా తోచవచ్చును. మన డిప్పు వెలుగు ఎడమవైపున కొంచెము పైకి లేచి బాట యంచున నడచువారిని చూపును. కుడివైపున తగ్గి ఎదుటి బండివానిని కాపాడును. కుడిప్రక్కన నడచు దేశములకై చేసిన దీపము దీనికి సరిగా విపరీతము; అది బాటసారిని చీకటిలో వదలి, ఎదుటివాని కన్ను పొడుచును.

నాలుగవది చోటు పరీక్ష, అనగా దీపము చూపు దిశ. దీనికి కాసు ఖర్చు లేదు. చక్రములలో గాలి సరిచూచి, సమతలమైన చోట, ఒక గోడకు 10 మీటర్ల దూరమున కారును తిన్నగా నిలుపుడు. నడుపువారు తమ చోట కూర్చుండవలెను. నేలనుండి దీపపు నడిబిందువు ఎంత యెత్తున నున్నదో కొలిచి, గోడపై అంతే యెత్తున సుద్దగీత గీయుడు. దానికి 10 సెంటీమీటర్లు క్రిందుగా రెండవ గీత గీయుడు. డిప్పు వెలిగించినప్పుడు వెలుగునకును, చీకటికిని నడుమ కనబడు అంచు ఈ రెండవ గీతపై నిలువవలెను. నిలువనిచో దీపము ప్రక్కనున్న మరలు త్రిప్పి సరిచేయవచ్చును.

ఈ 10 సెంటీమీటర్లలో నెంత యర్థమున్నదో లెక్కవేసి చూడుడు. దీపము 70 సెంటీమీటర్ల యెత్తున నున్నచో, ఇట్లు దిద్దిన వెలుగు 70 మీటర్ల దూరమున నేలను తాకును. గోడపై 30 సెంటీమీటర్లు దిగియున్నచో 23 మీటర్లకే బాట ముగియును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి, నడుపువాడు మనిషిని చూచినది మొదలు పూర్తిగా నిలుచు వఱకు సుమారు 26 మీటర్లు సాగును. అనగా వెలుగు ముగిసినచోట నున్న మనిషిని చూచియు కాపాడలేడు. ఇక అంచు మొదటి గీతకు పైన నున్నచో, ఆ వెలుగు నేలను తాకనే తాకదు. పోయి పోయి ఎవరి కన్నులలోనో పడును. వెనుకసీటులో నలుగురు, డిక్కీలో బియ్యపుబస్తాయు ఉన్నప్పుడు బండి వెనుక క్రుంగి ముందు లేచునని మఱువరాదు. అట్టి పయనమునకు ముందు గోడపరీక్ష మరల చేయుట మంచిది. మా జూబిలీహిల్స్ మిట్టల శిఖరములయందు ఎంత దిద్దిన దీపమైనను క్షణకాలము పైకి చూడక మానదు. కావున దిద్దని దీపము ఇచ్చట రెట్టింపు అపరాధము.

వెలుగును అదుపులో నుంచు విద్యను మా ఫిలింనగరున వేఱుగా నేర్పనక్కఱలేదు. చిత్రీకరణ స్థలమున పెద్ద దీపములకు ముందు నల్లని రేకు తలుపులుండును. వెలుగు నటి ముఖముపై ఎంతమేర పడవలెనో అంతమేరకే వానిని తెఱచి, కెమెరా కంటిలో నేరుగా పడకుండ మూయుదురు. వెలుగు ఎక్కువైన కొలది బొమ్మ బాగుండునని యే ఛాయాగ్రాహకుడును చెప్పడు. కెమెరా కంటికి చూపు ఈ మర్యాదను బాటపై నడచు మనుష్యుల కంటికిని చూపుట న్యాయము కాదా?

న్యాయమే కాదు, శాసనమును. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వది, ముందు దీపపు వెలుగు క్రిందికి వంగియుండవలెననియు, 8 మీటర్ల దూరమున, నేలనుండి 1.5 మీటర్ల యెత్తున నున్న కన్నును మిఱుమిట్లు గొల్పరాదనియు విధించుచున్నది. ఒకటిన్నర మీటరు యెత్తు నిలుచున్న మనిషి కంటి యెత్తునకు చేరువ. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము బండిని దాని తయారీ వివరములకు విరుద్ధముగా మార్చుటను నిషేధించుచున్నది. సొంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు నిండిన పిమ్మట పొడిగింపు కోరునపుడు బండిని పరీక్షింతురు గదా. ఆనాడు దీపములును పరీక్షకు నిలువవలసినవే. 50 ఏండ్లు దాటి, మూలరూపము చెడకుండ కాపాడబడిన బండ్లకు 2021 నాటి నిబంధనలు ప్రాచీన వాహనములను ప్రత్యేక రిజిస్ట్రేషను కల్పించినవి. అట్టి బండ్లుగలవారు బయటి రూపము మార్చకయే, రిలేవంటి లోపలి యుపాయములతో వెలుగు పెంచుకొనుట ఉచితము.

మా యింట చివరకు జరిగినది చెప్పెదము. గిన్నెలు రెండును మార్పించితిమి. రిలేలును, ఫ్యూజును పెట్టించితిమి. 60/55 వాట్ల మామూలు బల్బులు వేసితిమి. మావారు తమ పాఠశాల వెనుకగోడపై సుద్దతో గీతలు గీసి, మా మఱిదిచేత మరలు త్రిప్పించిరి. మొదట అలిగినవాడే, గీతపై వెలుగు నిలుచు సరికి, “ఇంత వెలుగు ఈ పాత బల్బులోనే యుండెనా?” యని యాశ్చర్యపడెను. ముందటి యద్దమును లోపలివైపునను తుడుచుట మా వంతైనది. లోపల పేరుకొన్న సన్నని జిడ్డుపొర ఎదుటి దీపముల వెలుగును చెదరగొట్టునని చాలమంది యెఱుగరు. కట్టుకఱ్ఱ సాయమున నడచుచున్న మా అత్తగారిని బండి యెదుట 8 మీటర్ల దూరమున నిలిపి, డిప్పు వెలిగించి, “కన్నులు చెదరుచున్నవా?” యని యడిగితిమి. “లేదు, మీ ముగ్గురును కనబడుచున్నారు” అనిరి. శాస్త్రప్రమాణము, శాసనప్రమాణము ఉన్నను, ఆ మాటతోనే మా మనసులు కుదుటబడినవి.

సంక్రాంతికి హైదరాబాదునుండి విజయవాడ దారిన వేలకొలది కారులు పిల్లలతోను, పిండివంటల డబ్బాలతోను నిండి బయలుదేరును. వెనుక బరువుచేత వాని దీపములు పైకి చూచుచుండును. తెల్లవారుజామున మంచు కప్పియుండును. మంచులో దూరపు వెలుగు వేయుట వ్యర్థము, అది మంచుకే తగిలి మన కన్నులకే తిరిగివచ్చును. డిప్పుతోనే మెల్లగా పోవలెను. కావున సోదరీమణులారా, అరిసెల పాకము పట్టుటకు ముందే ఒక సాయంకాలము మీ యింటి గోడపై రెండు గీతలు గీయింపుడు. కొలబద్దయు, సుద్దముక్కయు మీ యింటనే యున్నవి. మీవారు తీరిక లేదన్నచో మీరే గీయుడు. బండి నడుపువారికి బాట కనబడినదో లేదో వారే చెప్పుదురు. ఎదుట నడచివచ్చు స్త్రీకి కన్ను చెదరినదని మీతో చెప్పుటకు ఎవరును రారు.